ఓడినవాడు బ్లైండ్ వెయ్యాలి

తారక్ చనిపోయిన మధ్యాహ్నం ఒషావాలో మంచు కురుస్తోంది. అద్దెకు తీసుకున్న బేస్‌మెంట్ గదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఎదురుగా లాప్‌టాప్ ఇంకా వెలుగుతోంది. తెర మీద ఆకుపచ్చ టేబుల్, దాని చుట్టూ ఆరు సీట్లు. అతని ఎడమ చెవి కింద సూది గుచ్చిన చిన్న చుక్క.

ప్రాణాలతో ఉండగా అతను చేసిన చివరి పని మౌస్ నొక్కడం. ఆన్‌లైన్ పోకర్‌లో ఎవరో వేసిన రెండు డాలర్ల పందేనికి, తన చేతిలో గట్టి ముక్క ఒక్కటీ లేకపోయినా, తనూ అంతే కట్టి కాల్ కొట్టాడు. అవతలివాడి ముక్కలు చూడాలనిపించింది. చూశాడు. పై అంతస్తులో వంట చేసుకుంటున్న స్టూడెంట్లకు కింద చిన్న చప్పుడు కూడా వినిపించలేదు.

ఆ కబురు కిరీటికి ఓక్‌విల్‌లోని ఇండియన్ గ్రాసరీ షాపులో, ఫ్రీజర్ల పక్కన తెలిసింది.

"గోంగూర పచ్చడి నిన్నటిదేనా?" పక్కన బండి తోసుకుంటూ వచ్చిన పెద్దాయన అడిగాడు.

"మొన్నటిది. లోపల పెట్టేశారు," అన్నాడు కిరీటి.

కోడ్ సరిపోయింది. పెద్దాయన చెవుల మీదికి లాక్కున్న ఉన్ని టోపీని కాస్త పైకి జరిపాడు. జనార్ధనరావు. ఏ తలుపు మీదా బోర్డు లేని ఒక ఆఫీసుకు సెక్షన్ హెడ్. కిరీటి వారానికి అయిదు రోజులు రైలెక్కి టొరంటో వెళ్లే డేటా అనలిస్ట్ అని చుట్టుపక్కలవాళ్లు అనుకుంటారు. అతనికి అసలు జీతం ఇచ్చేది ఈ ఆఫీసే.

"తారక్ పోయాడు," జనార్ధనరావు ఫ్రోజెన్ పరాటాల ప్యాకెట్ తిప్పి చూస్తూ అన్నాడు.

కిరీటి చేతిలోని మునక్కాడల ప్యాకెట్ జారి కింద పడింది.

"ఎలా సార్?"

"ఎడమ చెవి కింద సూది. అవసరానికి మించి చూశాడు. ఇప్పుడు ఆ సీట్లో నువ్వు కూర్చోవాలి."

వద్దనడానికి కిరీటి నోరు తెరిచాడు. జనార్ధనరావు ఆగకుండా చెప్పుకుపోయాడు.

"శకుంతల గారు తెలుసుగా. సస్కటూన్ విత్తనాల ల్యాబ్ సైంటిస్ట్. ఆ రీసెర్చ్ దొంగిలించిన విదేశీ ముఠా ఆవిడ జూనియర్‌ని చంపింది. వాళ్ల మొహాలు చూసిన మనిషి ఆవిడొక్కతే. వచ్చే వారం కోర్టులో సాక్ష్యం. అప్పటిదాకా అక్కడే సస్కటూన్‌లో మన సేఫ్ హౌస్‌లో ఉంటుంది. నలుగురు గార్డులు."

"మా నిశాంత్ కూడా అక్కడే కదా సార్?"

"ఆ. మీ క్లాస్‌మేట్ ఉన్నాడనే నాకు కాస్త ధైర్యం. నలుగురిలో ఒకడు ముఠా మనిషి కిరీటీ. ఎవడో తెలీదు. ఆర్డర్ వచ్చిన రోజే ఆవిణ్ని చంపేస్తాడు."

"ఆర్డర్ ఎలా వస్తుంది?"

"పోకర్లో. ఓ ప్రైవేట్ ఆన్‌లైన్ క్లబ్ ఉంది. పది సెంట్ల టేబుల్. పెద్ద టేబుళ్ల మీద అందరి కళ్లూ ఉంటాయి, పది సెంట్ల ఆట ఎవడికి కావాలి? పందెం అంకెల్లోనే ఆర్డర్లు. కాపలా కాసేవాడు ఫోన్లో పేకాడుతుంటే నువ్వు అనుమానిస్తావా? అక్కడ నలుగురూ ఆడతారు."

"నలుగురినీ మార్చేయండి సార్."

"మారిస్తే మనకి తెలిసిపోయిందని వాళ్లకి తెలుస్తుంది. కొత్తగా వచ్చే నలుగురిలో ఇంకొకడు లేడని నువ్వు హామీ ఇస్తావా?"

జనార్ధనరావు జేబులోంచి మామూలు నల్లటి మౌస్ తీసి కిరీటి బుట్టలో వేశాడు.

"ట్రేసర్. వాడూ నువ్వూ ఒకే ఆటలో చివరిదాకా నిలబడితే, వాడి ఫోన్ ఏదో ఇది పట్టుకుంటుంది."

"నాకు పోకర్ రాదు సార్. మూడు ముక్కలాట వచ్చు."

"అదే మన ఖర్మ. ఆ క్లబ్‌లో ఆట రానివాణ్ని చూసి మొదట నవ్వుతారు, తర్వాత వాడి అడ్రస్ కనుక్కుంటారు. నీకు నేర్పడానికి ఒకావిడ ఉంది. రూప అని, క్లబ్ హోస్ట్. ముఠా దగ్గర జీతం తీసుకుంటుంది, మనకి పని చేస్తుంది."

"లేకపోతే మన దగ్గర తీసుకుని వాళ్లకి చేస్తుందా సార్?"

జనార్ధనరావు పరాటాలు బండిలో వేసుకున్నాడు. "అదే నేనూ ఆలోచిస్తున్నా," అని కౌంటర్ వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు కిరీటి ఫుడ్ డెలివరీ కుర్రాడి జాకెట్ తొడుక్కుని, బిర్యానీ సంచీ పట్టుకుని, సరస్సు ఒడ్డున ఉన్న రూప కాండోకు వెళ్లాడు. తలుపు తీసిన మనిషిని చూసి ఒక్క క్షణం సంచీ ఇవ్వడం మర్చిపోయాడు. వంకాయరంగు సిల్కు చొక్కా, కత్తిరించిన జుట్టు, చెవులకు సన్నటి వెండి రింగులు. ఆమె నవ్వితే ఎవరైనా ఇంటి తాళాలు తీసి చేతిలో పెట్టేస్తారు. అలాంటి నవ్వంటేనే కిరీటికి భయం.

"కూర్చోండి. తారక్‌కి కూడా ఆ కుర్చీలోనే నేర్పాను," అంది రూప.

అయినా కిరీటి కూర్చున్నాడు. నిలబడి చేసేదేముంది?

పాఠాలు మొదలయ్యాయి. ఆమె కాఫీ ఇచ్చింది, అతను తాగలేదు. ఆమె గమనించి కూడా ఏమీ అనలేదు.

"పోకర్‌లో మొదట నేర్చుకోవాల్సింది మానేయడం. పది చేతులొస్తే ఏడెనిమిది ఫోల్డ్ చెయ్యాలి. రమ్మీలో ముక్కలు బాగాలేకపోతే ఫస్ట్ డ్రాప్ కొట్టరూ? దానికి సిగ్గుపడతారా? ఇదీ అంతే."

కిరీటి ఆడాడు. ఓడాడు. ఆమె ఆటంతా మళ్లీ వేసి చూపించి, తప్పు ఎక్కడ జరిగిందో అక్కడ ఆపేది.

"మీకంటే వెనక మాట్లాడేవాళ్లు ఇంకా ముగ్గురున్నారు. వాళ్లేం చేస్తారో తెలీకుండా ఈ చెత్త ముక్కలతో ఎందుకు దూరారు? చివర కూర్చున్నప్పుడు చనువు తీసుకోండి. ముందు కూర్చుంటే మంచి ముక్కలు ఉంటేనే నోరు విప్పండి."

"సరేనండి."

"ఇక్కడ చూడండి. అందరికీ ఉమ్మడిగా మధ్యలో పరిచే అయిదు ముక్కల్లో ఆఖరిది పడ్డాక అవతలివాడు పెద్ద పందెం వేశాడు. ఎందుకు కాల్ చేశారు?"

"అబద్ధం ఆడుతున్నాడేమోనని."

"చిన్న టేబుల్లో జనం అంత కష్టపడి అబద్ధాలు ఆడరు. చివర్లో పెద్ద పందెం వస్తే నమ్మేయండి, ఫోల్డ్ కొట్టండి. మీకు గెలవాలని లేదు కిరీటి గారూ. చూడాలని ఉంది. మూడు ముక్కలాటలో డబ్బు కట్టి షో అడిగే రోగం ఇది. తారక్‌కీ ఉండేది. మామూలు ఆటగాడికైతే ఈ రోగంతో నాలుగు డాలర్లు పోతాయి."

అతనికైతే ఏం పోతుందో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. కిరీటి చెయ్యి దానంతటదే ఎడమ చెవి కిందికి వెళ్లింది.

"ఇంకోటి. కాల్ చేసే జబ్బున్నవాడి మీద ఎప్పుడూ బ్లఫ్ వెయ్యకండి. వాడు భయపడి ఫోల్డ్ చెయ్యడు, కాల్ చేసి చూస్తాడు. మీ అబద్ధం వృథా."

మూడో రోజు ఆమె స్క్రీన్ ఆపి అతని వైపు వింతగా చూసింది.

"ఓడిన ప్రతిసారీ తర్వాతి చేతికి ముక్కలు పంచడమే ఆలస్యం, చూడకుండా పందెం పెంచేస్తున్నారు. ఏంటది?"

కిరీటికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. కాసేపు ఆలోచించి సిగ్గుపడ్డాడు.

"సస్కటూన్‌లో చదువుకునేటప్పుడు మా బేస్‌మెంట్ రూల్ అండి. చలికాలం బయటికెళ్లలేక మూడు ముక్కలు ఆడేవాళ్లం. ఓడినవాడు తర్వాతి ఆట బ్లైండ్ వెయ్యాలి. వెయ్యకుండా లేస్తే దరిద్రం ఇంటిదాకా వస్తుందని నమ్మకం. ఆ గదిలో తప్ప ఇంకెక్కడా ఎవరూ ఇలా ఆడరనుకుంటా."

"ఆ గది మర్చిపోండి. ఇలాంటి అలవాటు వేలిముద్ర లాంటిది. మిమ్మల్ని ఎరిగినవాడు ఒక్క చేతిలో పట్టేస్తాడు," అంది రూప.

కిరీటి ఆ అలవాటు మానుకున్నాడు. ఎంత కష్టమైందో అతనికే తెలుసు. ఓడిన ప్రతిసారీ వేలు దురద పెట్టేది. సాయంత్రాలు తన అపార్ట్‌మెంట్‌లో తలుపు గడియ రెండుసార్లు చూసుకుని, వీపు గోడకు ఆనించి కూర్చుని ఆడేవాడు. కారిడార్లో ఎవరైనా నడిస్తే ఊపిరి బిగపట్టేవాడు. ఆట మాత్రం బాగుపడింది. భయపడేవాడికి ఫోల్డ్ చెయ్యడం తొందరగా వస్తుంది. వారం తిరిగేసరికి క్లబ్‌లో అందరూ అతన్ని ఓ మోస్తరు ఆటగాడిగా లెక్కేసి పట్టించుకోవడం మానేశారు. గూఢచారికి అంతకంటే పెద్ద బిరుదు లేదు.

ఆదివారం మధ్యాహ్నం రూప ఫోన్ చేసింది. "ఈరోజే అనిపిస్తోంది. నా ఇంటికి రండి."

వెళ్లడమా, మానడమా? ఆమె ముఠా మనిషైతే ఆ కాండోలోంచి బయటికి రావడం ఉండదు. కానీ సస్కటూన్‌లో తన మీద ఆశ పెట్టుకున్నానని కూడా తెలియని ఒక పెద్దావిడ ఉంది. కిరీటి బిర్యానీ సంచీ తీసుకుని బయల్దేరాడు.

తెర మీది టేబుల్ దగ్గర ఆరుగురూ చేరారు. ఆరో సీటు 'బీవర్', ముఠా నాయకుడు. నాలుగో సీటు 'వీట్‌కింగ్', గార్డుల్లో ఉన్న ద్రోహి. మూడో సీటు కిరీటి. బీవర్ పందెం చివర తొమ్మిది సెంట్లు వస్తే 'చంపెయ్' అని అర్థం. వీట్‌కింగ్ పందెం కూడా అలాగే వస్తే 'ఇప్పుడే' అని అర్థం. ఇంతవరకూ రూప చెప్పింది. వీట్‌కింగ్ అసలు పేరు ఆమెకూ తెలియదు.

కిరీటి చెవిలో చిన్న ఇయర్‌పీస్. అవతల జనార్ధనరావు.

"సస్కటూన్‌లో అంతా మామూలే. ఒకడు బయట మంచు తీస్తున్నాడు. ఒకడు నిద్రలో ఉన్నాడు. ఇంకొకడు గరాజ్‌లో. లోపల ఆవిడతో నిశాంత్ ఉన్నాడు. ద్రోహి ఎవడో చెప్పు చాలు, మిగతా ముగ్గుర్నీ వాడి మీదికి పంపిస్తా."

కిరీటి ఫోల్డ్ చేశాడు. మళ్లీ ఫోల్డ్. ఇంకోసారి ఫోల్డ్. అప్పుడు బీవర్ పందెం తెర మీద పడింది. చివర తొమ్మిది.

"వచ్చింది," అంది రూప.

తర్వాతి చేతికి కిరీటికి రెండు రాణులు వచ్చాయి, ఇస్పేటు, ఆఠీను. వీట్‌కింగ్ పందెం వేశాడు. చివర తొమ్మిది. ఇప్పుడే అన్నమాట. కిరీటి కాల్ చేశాడు. మిగతావాళ్లు తప్పుకున్నారు. ఇద్దరే మిగిలారు. మౌస్ కింద సన్నటి పచ్చ లైటు వెలిగింది. మధ్యలో అయిదు ముక్కలూ ఒక్కొక్కటిగా పడ్డాయి. చివరికి ముక్కలు తెరుచుకున్నాయి. రాణులు గెలిచాయి.

"సార్, దొరికిందా?"

"దొరికింది. సస్కటూన్, సేఫ్ హౌస్ వైఫై."

"ఏ ఫోన్ సార్?"

"అంతే చూపిస్తోంది. నలుగురిదీ ఒకే వైఫై."

బోలెడు బడ్జెట్‌తో చేసిన ఆ మౌస్, తమ సొంత అడ్రస్ తమకే చెప్పింది. కిరీటికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీట్‌కింగ్‌కి ఇక ఈ టేబుల్‌తో పని లేదు. ఏ క్షణానైనా ఫోన్ జేబులో పెట్టి లేస్తాడు. అతను లేచాడంటే శకుంతల గారి పని అయిపోయినట్టే.

కొత్త ముక్కలు పంచారు. ఇంకా తెర మీద సరిగా ఆగనైనా ఆగలేదు, వీట్‌కింగ్ పందెం పెంచేశాడు. ముక్కలు చూసే వ్యవధే లేదు. ఓడాడు, వెంటనే చూడకుండా వేశాడు.

కిరీటి పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్ల ముందు సస్కటూన్ బేస్‌మెంట్, హీటర్ పక్కన పరిచిన దుప్పటి, ముక్కలు ముట్టుకోకుండా నాణేలు తోస్తూ నవ్వే ఒక మొహం. ఆ రూల్ పెట్టినవాడి మొహం.

"సార్, నిశాంత్."

"ఏమన్నావ్?"

"వీట్‌కింగ్ మా నిశాంత్. ఓడినవాడు బ్లైండ్ వెయ్యాలి, వాడు పెట్టిన రూలే అది. ఇంకెవడూ ఇలా ఆడడు."

"ఇదేం ఆధారం కిరీటీ? తప్పయితే మన మనిషి మీదికి మన మనుషుల్నే..."

"తప్పయితే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి. ఆవిడ పక్కన ఉన్నది వాడొక్కడే సార్."

"మెసేజ్ పంపుతున్నా. నిద్రపోయేవాడు లేవాలి, బయటివాడు ఫోన్ చూడాలి. టైం పడుతుంది. వాణ్ని కదలనివ్వకు."

కదలనివ్వకపోవడం ఎలా? ఓక్‌విల్‌లో కూర్చుని సస్కటూన్‌లో ఉన్న మనిషి కాలర్ పట్టుకోవడం ఎలా? కిరీటి తన ముక్కలు చూసుకున్నాడు. కళావరు నాలుగు, డైమన్ తొమ్మిది. చెత్త. వారం రోజులుగా నేర్చుకున్నదంతా ఫోల్డ్ చెయ్యమంటోంది. ఫోల్డ్ చేస్తే ఆట అక్కడితో అయిపోతుంది, నిశాంత్ లేస్తాడు.

కిరీటి సరిగ్గా రెట్టింపు వేశాడు. బ్లైండ్ వేసినవాడి మీద ముక్కలు చూసినవాడు రెట్టింపు కట్టాలి. మూడు ముక్కలాట మర్యాద అది.

"ఏం చేస్తున్నారు? మిమ్మల్ని గుర్తుపట్టేస్తాడు," అంది రూప మెల్లగా.

"పట్టాలి. ఎదుట ఉన్నది ఎవడో చూడకుండా వాడు లేవలేడు. నాకున్న రోగమే వాడిదీ."

మిగతావాళ్లు తప్పుకున్నారు. మూడు ముక్కలు పడ్డాయి: రాజు, ఆరు, రెండు. వీట్‌కింగ్ వేశాడు. కిరీటి రెట్టింపు. ఈసారి వీట్‌కింగ్ ఆలోచించాడు. కాల్. నాలుగో ముక్క పదికి కూడా అదే తంతు. ఒక్కో పందేనికీ నిశాంత్ ముందుకంటే ఎక్కువసేపు ఆగుతున్నాడు.

అంతలో రూప ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ నొక్కి టేబుల్ మీద పెట్టింది. ఏ భావమూ లేని గొంతు ఇంగ్లిష్‌లో అడిగింది, మూడో సీట్లో ఎవరని. బీవర్.

రూప కిరీటి వైపు చూసింది. ఒక్క మాట చాలు, ఆమె ముఠాకి ఎప్పటికీ నమ్మకస్తురాలవుతుంది. కిరీటికి తలుపు ఎంత దూరంలో ఉందో గుర్తు రాలేదు.

"నా స్టూడెంట్. ఎంత చెప్పినా బుర్రకెక్కదు. కాల్ చేసేవాడి మీద బ్లఫ్ వేస్తున్నాడు చూడండి," అంది రూప ఇంగ్లిష్‌లోనే, విసుగ్గా.

అవతల చిన్న నవ్వు. లైన్ కట్టయింది. ఆమె చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. కిరీటి ఆమెకి దండం పెట్టబోయి, చెయ్యి మౌస్ మీద ఉందని గుర్తొచ్చి ఆగాడు.

అయిదో ముక్క పడింది. కిరీటి చేతిలో ఇప్పటికీ ఏమీ లేదు. ఉన్నదంతా తోసేశాడు. ఆల్ ఇన్.

వీట్‌కింగ్ టైమర్ తిరగడం మొదలైంది. చాట్ బాక్స్‌లో మాటలు పడ్డాయి, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు.

"ఎవర్రా నువ్వు?"

నేనేరా అని చెప్పాలనిపించింది కిరీటికి. ఎందుకురా ఇలా చేశావ్ అని అడగాలనిపించింది. మైనస్ ముప్ఫై చలిలో ఒకే జాకెట్‌ని ఇద్దరూ వంతులేసుకుని వాడారు. కీబోర్డ్ మీదికి వెళ్లిన చేతిని రూప పట్టుకుని ఆపింది.

"చెప్తే చూడాల్సిన పని లేదు, లేచిపోతాడు."

టైమర్ తిరుగుతోంది. ఇయర్‌పీస్‌లో జనార్ధనరావు ఎవరికో ఫోన్ చేస్తున్నాడు, ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ చేశాడు. టైమర్ ఎరుపెక్కింది. సరిగ్గా ఆఖరి క్షణంలో నిశాంత్ నొక్కాడు.

కాల్.

ముక్కలు తెరుచుకున్నాయి. నిశాంత్ దగ్గర ఆరుల జత. కిరీటి దగ్గర ఏమీ లేదు. చిప్స్ అన్నీ గలగలమంటూ నాలుగో సీటుకి వెళ్లిపోయాయి. మరుక్షణం ఆ సీటు బూడిదరంగులోకి మారింది. 'డిస్కనెక్టెడ్'.

లేచాడా? పట్టుకున్నారా? ఇయర్‌పీస్‌లో చప్పుడు లేదు. కిరీటి కళ్లు మూసుకున్నాడు. ఆవిడ మొహం కూడా అతనికి తెలియదు. అయినా ఆ నిశ్శబ్దంలో, తెలిసిన దేవుళ్లందరినీ ఆవిడ కోసం పిలిచాడు.

"కిరీటీ." జనార్ధనరావు పిలిచాడు. "ఆవిడ క్షేమం. మంచు తీసేవాడు బూట్లతోనే లోపలికి పరిగెత్తాడు. నిశాంత్ ఆవిడ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో సిరంజి, ఒక చేతిలో ఫోన్. ముక్కలు చూశాకే లోపలికి అడుగు వేద్దామని ఆగినట్టున్నాడు."

"నా గురించి ఏమైనా అన్నాడా సార్?"

"నువ్వేనా అని అడిగాడు. ఔనన్నాను."

కిరీటి తల టేబుల్ మీద పెట్టి ఏడ్చాడు. బతికినందుకో, స్నేహితుడు పోయినందుకో అతనికే తెలియదు. రూప మంచినీళ్లు తెచ్చి పెట్టింది. ఆ ఇంట్లో మొదటిసారి గ్లాసు ఎత్తి గడగడా తాగాడు. ఆమెకు కాపలాగా కింద వీధిలో పోలీసు కార్లు ఆగాయి. బీవర్ ఇందాక రూపకు చేసిన ఫోన్ ఆధారంగా, అతని ఇల్లు కూడా కనిపెట్టేశారట.

ఇయర్‌పీస్‌లో ఏదో గలాభా. "ఆవిడ నీతో మాట్లాడాలంటోంది, లైన్ కలుపుతున్నా," అన్నాడు జనార్ధనరావు. ఆ వెంటనే పెద్దావిడ గొంతు.

"బాబూ, నేను శకుంతలని. నన్ను నువ్వే కాపాడావంటున్నారు వీళ్లు. నువ్వు పోలీసువా?"

"కాదండి. పేకాడుతున్నాను."

"పేకాటా? పోనీ, గెలిచావా?"

"లేదండి. ఓడిపోయాను. నిశాంతే గెలిచాడు."

అవతల ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"గెలిచినవాడికి బేడీలు వేసి తీసుకుపోతున్నారు, ఓడిపోయినవాడికి నా చేత థాంక్స్ చెప్పిస్తున్నారు. మీ ఆఫీసు పద్ధతులేమిటో నాకు అర్థం కావడం లేదు నాయనా."